ఉడతా భక్తి, నలుడి నేర్పు: రైలు వంతెనలను కాపాడుకున్న ఊళ్ళు

వాల్మీకి చెప్పని ఉడత కథ మన రంగనాథ రామాయణంలో ఉంది. వారధి కడుతున్న చోట ఒళ్ళంతా తడుపుకుని, ఇసుకలో పొర్లి, ఆ ఇసుకను తెచ్చి దులిపిన ఆ చిన్న ప్రాణి పేరు మీదే ‘ఉడతా భక్తి’ అన్న మాట మన నాలుకల మీద నిలిచింది. పాడుబడిన రైలు వంతెనలను ఊరి జనమే పూనుకుని నిలబెట్టిన చరిత్ర చదువుతుంటే నాకు ఆ ఉడతే గుర్తొస్తుంది. దాని వెనకే, ఆ వారధి కట్టిన నలుడూ గుర్తొస్తాడు. ఉడత భక్తితో పాటు నలుడి నేర్పు కలిస్తేనే కదా వారధి నిలిచింది.

రైలు వంతెనకు ప్రాణం రైలే. బండ్లు ఆగిపోయిన మర్నాటి నుంచి దాన్ని చూసే కళ్ళు తగ్గిపోతాయి. రంగు వేసేవాళ్ళు రారు. నీళ్ళు పోయే దారులు పూడిపోతాయి. నిలిచిన నీరు ఇనుమును తుప్పు పట్టిస్తుంది, రాతి సందుల్లోకి దిగి సున్నాన్ని తినేస్తుంది. రాబడి లేని ఆస్తి మీద ఖర్చు ఎందుకని యజమాని అనుకుంటాడు. కూల్చాలన్నా డబ్బు కావాలి గనక అలాగే వదిలేస్తాడు. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో బ్రిటన్, అమెరికా, కెనడాల్లో ఎన్నో వంతెనలకు ఇదే గతి పట్టింది. లారీలు, కార్లు పెరిగి రైలు మార్గాలు నష్టాల్లో పడ్డాయి. 1963లో బ్రిటన్‌లో రైల్వేల మీద వచ్చిన బీచింగ్ నివేదిక ఒక్కటే 5,000 మైళ్ళ మార్గాన్ని, 2,363 స్టేషన్లను మూసేయాలంది.

జనం తిరగబడిన తొలి రోజుల్లో వాళ్ళ చేతిలో ఉన్న పనిముట్టు కలం. ఇంగ్లండ్ ఉత్తరాన సెటిల్–కార్లైల్ మార్గంలో, గాలి హోరుమనే బీడునేల మీద 24 కమానుల రిబుల్‌హెడ్ వంతెన ఉంది. అది 1870ల నాటి కట్టడం. దాని మరమ్మతుల ఖర్చు భరించలేమంటూ 1980ల్లో బ్రిటిష్ రైల్ మొత్తం మార్గాన్నే మూసేయబోయింది. 1981లో ఏర్పడిన ఆ మార్గపు మిత్రబృందం ఊరూరా తిరిగి అభ్యంతర పత్రాలు రాయించింది. వేలకొద్దీ వచ్చిన ఆ పత్రాల్లో రస్వార్ప్ అనే కుక్క పాదముద్ర కూడా ఉంది. అది టికెట్ మీద ప్రయాణించిన ప్రాణి గనక దాని అభ్యంతరమూ చెల్లింది. మూసివేత ప్రతిపాదనను తోసిపుచ్చుతున్నట్టు 1989 ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రకటించింది. ఆ తర్వాత వంతెనకు మరమ్మతులూ జరిగాయి. ఈనాటికీ ఆ కమానుల మీద రైళ్ళు నడుస్తున్నాయి.

రైలు ఇక ఎన్నటికీ రాదని తేలిపోయిన వంతెనల సంగతి వేరు. అక్కడ కలం చాలదు, సుత్తి పట్టాలి. అమెరికాలోని హడ్సన్ నది మీద పొకీప్సీ వంతెన అందుకు గొప్ప ఉదాహరణ. 1889లో రాకపోకలు మొదలైన ఈ ఉక్కు వంతెన పొడవు 6,768 అడుగులు, నీటి మీద నుంచి ఎత్తు 212 అడుగులు. పశ్చిమాన తవ్విన బొగ్గు న్యూ ఇంగ్లండ్ పరిశ్రమలకు చేరడానికి ఇది పెద్ద దారి. 1974 మే 8న వంతెన పైభాగానికి నిప్పంటుకుని చెక్క స్లీపర్లు కాలిపోయాయి. ఆ తర్వాత దాని మీద రైలు నడవలేదు. 1984లో కాన్‌రెయిల్ కంపెనీ ఇంత వంతెననూ ఒక్క డాలరుకు అమ్మేసింది. కొన్నవాళ్ళూ దాన్ని బాగు చేయలేదు.

1992లో బిల్ సెపే అనే స్థానికుడు ముందుకొచ్చి, ‘వాక్‌వే ఓవర్ ద హడ్సన్’ అనే సంస్థకు అంకురం వేశాడు. ఈ వంతెన మీద జనం నడవాలన్నదే ఆయన కల. అప్పు చేయకుండా, చందాలతో, శ్రమదానంతో ముందుకు సాగాలన్నది ఆయన పట్టుదల. పని తీరును ఒక్కసారి ఊహించుకోండి. అస్థిపంజరంలా మిగిలిన ఉక్కు దూలాల సందుల్లోంచి కింద నది కనిపిస్తుంటుంది. ఒక చెక్క పలక పరిచి బిగించాలి. పక్కన కటకటాలు నిలబెట్టాలి. ఆ పలక మీద నిలబడి తర్వాతి పలక పరచాలి. ఒక కొస నుంచి ఇలా అడుగడుగునా సాగిన పనిది. 1998లో వంతెన ఆ సంస్థ చేతికే వచ్చింది.

రెండు కిలోమీటర్ల పైచిలుకు పొడవును పలకా పలకా పరిచి పూర్తి చేయడం ఒక జీవితకాలంలో అయ్యేది కాదు. కొన్నేళ్ళకు సంస్థ పగ్గాలు ఫ్రెడ్ షెఫర్ అనే న్యాయవాది చేతికి వచ్చాయి. దాతృత్వ సంస్థలు, ప్రభుత్వాలు నిధులిచ్చాయి. ఇంజనీర్లు పరీక్షించి కట్టడం దృఢంగానే ఉందన్నారు. ముందే పోత పోసిన కాంక్రీటు పలకలు తెచ్చి పరిచారు. సుమారు 3 కోట్ల 88 లక్షల డాలర్ల ఖర్చుతో 2009 అక్టోబరు 3న వంతెన జనానికి తెరుచుకుంది. పొకీప్సీని ప్రజల వంతెనగా మొదట ఊహించింది ఉడతలే, పూర్తి చేసింది నలుడు. అక్కడ ఎవరిది గొప్ప పని అని అడిగితే, రెండూ ఒకటే పని అంటాను.

కెనడాలో మైరా కాన్యన్ దగ్గర శ్రమదానానికి అగ్నిపరీక్ష అక్షరాలా ఎదురైంది. కెటిల్ వ్యాలీ రైల్వే కోసం లోయ అంచున కట్టిన 18 వంతెనల్లో 16 చెక్కవి, 2 ఉక్కువి. పట్టాలు పీకేశాక 1992లో ఏర్పడిన స్థానిక సంఘం వాటి మీద పలకలు పరిచి, కటకటాలు కట్టి, నడకకూ సైకిళ్ళకూ వీలు చేసింది. 2003లో కార్చిచ్చు 12 చెక్క వంతెనలను బూడిద చేసింది. పదేళ్ళ కష్టం మంటల పాలైనా జనం పట్టు వదల్లేదు. ప్రభుత్వ నిధులు సాధించి పాత నమూనా ప్రకారం మళ్ళీ కట్టించారు. 2008లో ఆ దారి తిరిగి తెరుచుకుంది. అంతకు ముందు జనం అక్కడ నడిచి, దాన్ని తమదిగా చేసుకోకపోయి ఉంటే, ఆ బూడిదలోంచి వంతెన లేపమని అడిగేవాళ్ళే ఉండేవారు కారు.

ఇంగ్లండ్‌లోని బెనర్లీ వంతెన ఈ కథలో అన్నిటికన్నా ఓపిక గలది. ఎరివాష్ లోయలో గ్రేట్ నార్తర్న్ రైల్వే దీన్ని 1870ల చివర కట్టింది. కింద బొగ్గు తవ్విన నేల కావడంతో బరువైన ఇటుక కమానులు కడితే కుంగుతాయని, చేత ఇనుముతో జాలీ అల్లిక లాంటి తేలికైన కట్టడం లేపారు. 1,452 అడుగుల పొడవు. చివరి బండి 1968లో వెళ్ళిపోయింది. కూల్చాలని చూస్తే, చేత ఇనుము గ్యాస్ మంటకు లొంగదని, ముక్కముక్కగా విప్పాల్సిందేనని తేలింది. ఆ ఇనుమే దానికి ఆయువు పోసింది. స్థానికులు దాన్ని ‘ఐరన్ జయింట్’ అంటారు. 2015లో మిత్రబృందం ఏర్పడింది. వాళ్ళు పొదలు నరికారు, జనాన్ని వెంటబెట్టుకుని చూపించారు, చరిత్ర సేకరించారు. 2020లో అది ప్రపంచ కట్టడాల నిఘా జాబితాకెక్కింది. యాజమాన్య సంస్థ ‘రైల్వే పాత్స్’ మరమ్మతులు చేయించింది. 2022 జనవరిలో, యాభై ఏళ్ళకు పైగా గడిచాక, దాని మీద మళ్ళీ మనుషులు నడిచారు.

ఈ నాలుగు కథలనూ వరసగా పెట్టి చూస్తే ఒక క్రమం కనిపిస్తుంది. మొదట జనం అభ్యంతరం చెప్పడం నేర్చారు, తర్వాత చేతులతో పని చేయడం, ఆ తర్వాత ఇంజనీరునూ దాతనూ ప్రభుత్వాన్నీ ఒక్కచోటికి తేవడం నేర్చారు. ఎత్తైన ఇనుప కట్టడం ఎంత బరువు మోయగలదో, ఏ రివెట్టు మార్చాలో తేల్చాల్సింది నిపుణులే. అయితే ఏళ్ళ తరబడి తూములు శుభ్రం చేసేది, మొలకను వేరు దిగక ముందే పీకేది, పిల్లలకు ఆ వంతెన కథ చెప్పేది ఊరి మనుషులు. నిపుణుడు తన పని ముగించుకుని వెళ్ళిపోతాడు. ఊరు అక్కడే ఉంటుంది.

మనకూ అలాంటి వంతెన ఉంది. రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద 56 ఖానాలతో, రాతి స్తంభాల మీద నిలిచిన హేవ్‌లాక్ వంతెన 1900లో మొదలై మద్రాసు–కలకత్తా బండ్లను దాదాపు నూరేళ్ళు మోసింది. 1997లో పక్కన కొత్త కమాను వంతెన వచ్చాక దీనికి విశ్రాంతి ఇచ్చారు. దాన్ని పర్యాటక స్థలం చేస్తామన్న ప్రతిపాదనలు పలుమార్లు వినిపించాయి. పొకీప్సీ అనుభవం చెప్పేది ఒక్కటే: పెద్ద నిధులు వచ్చేదాకా వంతెన ఆగాలంటే, అంతకు ముందే దాన్ని అంటిపెట్టుకున్న జనం ఉండాలి. గోదావరి జిల్లాల్లో శ్రమదానం కొత్త మాట కాదు. కళాశాల విద్యార్థులు, రిటైరైన రైల్వే ఉద్యోగులు, ఇంజనీర్లు ఒక సంఘంగా ఏర్పడి, అనుమతి తీసుకుని, ముందుగా దాని చరిత్రను, రాతి స్తంభాల ఇప్పటి స్థితిని రాసి పెట్టినా చాలు, అది మొదటి పలక అవుతుంది. ఆ పలక మీద నిలబడి రెండో పలక పరచవచ్చు.