భిక్ష నుండి హక్కునకు : ఇంగ్లండు బీదల చట్టముల చరిత్ర

ప్రభుత్వ సంక్షేమ కార్యక్రమముల చరిత్రను వ్రాయువారు వెచ్చించిన ధనమును, లబ్ధిపొందినవారి సంఖ్యను గణించుట పరిపాటి. సహాయము పొందుటకై పౌరుడు ఏమి కోల్పోవలసివచ్చెనను ప్రశ్న అంతకంటె ముఖ్యమైనదని మా యభిప్రాయము. ఇంగ్లండు చరిత్రను ఈ దృష్టితో ఇచట పరిశీలింపదలచితిమి.

1601 నాటి శాసనము బీదల పోషణభారమును పారిష్‌లపై నుంచి, అందులకై స్థానికముగా పన్ను విధించు పద్ధతిని స్థిరపరచెను. 1834 నాటి సవరణ చట్టము ఈ పద్ధతిని కఠిన మొనర్చెను. సహాయము పొందువాని స్థితి, స్వయముగా కూలిచేసి బ్రతుకు నిరుపేద శ్రామికుని స్థితికంటె హీనముగా నుండవలెననునది దాని మూలసూత్రము. పనిచేయగల దేహదార్ఢ్యము గలవారికి వర్క్‌హౌస్ తప్ప అన్యశరణ్యము లేకుండ జేయుట దాని లక్ష్యము. అచట భార్యాభర్తలను, తలిదండ్రులను, బిడ్డలను వేర్వేరు భాగములలో నుంచెడివారు.

ఇంతకంటె గమనింపదగిన విషయ మొకటి కలదు. గడచిన 12 నెలలలో పారిష్ సహాయము పొందినవానికి పట్టణ నియోజకవర్గములలో ఓటు లేదని 1832 సంస్కరణ చట్టము విధించెను. 1867, 1884 సంవత్సరముల చట్టములు ఓటర్ల సంఖ్యను పెంచినను ఈ నిషేధమును తొలగింపలేదు. వైద్యసహాయము మాత్రమే పొందినవారికి 1885లో మినహాయింపు లభించెను. తక్కినవారు 1918 వరకు వేచియుండవలసివచ్చెను. అనగా ఆకలి తీర్చుకొనుటకు పౌరత్వమునే మూల్యముగా చెల్లింపవలసియుండెను.

1908 నాటి వృద్ధాప్య పింఛను చట్టము ఈ బంధమును సడలించెను. 70 ఏండ్లు నిండిన అల్పాదాయులకు వారమునకు 5 షిల్లింగుల వరకు 1909 జనవరి 1 నుండి తపాలా కార్యాలయములలో చెల్లింపబడెను. పింఛను పొందుటవలన ఓటుహక్కు పోదని ఆ చట్టమే స్పష్టముగా చెప్పెను. అయినను అంతకుముందు సమీపకాలమున బీదల సహాయము పొందినవారిని 1910 చివరివరకు దూరముగనే యుంచిరి. 1911 నాటి జాతీయ బీమా చట్టము కార్మికుడు, యజమాని, రాజ్యము మువ్వురును చందా చెల్లించు పద్ధతిని ప్రవేశపెట్టెను. చందా చెల్లించినవాడు యాచకుడు కాడు.

ఈ పురోగమనము నిరాటంకముగా సాగినది కాదు. 1931లో నిరుద్యోగులకు విధించిన ఆదాయపరీక్షయందు ఇంటిలోని ఇతరుల సంపాదనయు లెక్కింపబడి, కుటుంబములలో తీవ్రమైన మనస్తాపము కలిగెను. 1942లో బెవరిడ్జి నివేదిక వెలువడెను. 1948 జూలై 5న జాతీయ సహాయ చట్టము, జాతీయ ఆరోగ్యసేవ అమలులోనికి వచ్చెను. బీదల చట్టము అంతటితో రద్దయ్యెను. ఆదాయపరీక్ష మాత్రము నూతనరూపమున కొనసాగెను.

1949లో కేంబ్రిడ్జియందు ఉపన్యసించిన టి. హెచ్. మార్షల్, పౌరహక్కులు 18వ శతాబ్దమునను, రాజకీయహక్కులు 19వ శతాబ్దమునను, సాంఘికహక్కులు 20వ శతాబ్దమునను వికసించెనని వివరించెను. ఈ క్రమమును మనదేశమునకు యథాతథముగా అన్వయింపరాదు. 1950 నాటి మన రాజ్యాంగము ధనికుడు, దరిద్రుడు అను భేదము లేకుండ వయోజనుల కందరకు ఓటునిచ్చెను. నిరుద్యోగమునందు, వార్ధక్యమునందు సహాయమును మాత్రము 41వ అధికరణమున ఆదేశిక సూత్రముగా నుంచెను. 37వ అధికరణము ననుసరించి న్యాయస్థానములు అట్టి సూత్రములను అమలుపరుపజాలవు. ఆహారధాన్యములను పొందుటకు శాసనబద్ధమైన హక్కు దేశవ్యాప్తముగా 2013 నాటి జాతీయ ఆహారభద్రతా చట్టముతోగాని ఏర్పడలేదు. ఇంగ్లండు బీదవాడు సహాయమునకై ఓటును కోల్పోయెను. మన బీదవాడు ఓటు చేతనుండియు సహాయమునకై వేచియుండెను. ఈ రెండు మార్గముల తారతమ్యము పరిశోధకుల విశేషపరిశీలనకు అర్హమని మేము తలంచుచున్నాము.