రెండేండ్ల చదువు

దిక్కులేని స్త్రీకి అన్నము పెట్టుట మన దేశమున క్రొత్త పుణ్యకార్యము కాదు. సత్రములును, అన్నదాన సమాజములును, దేవాలయములందలి ప్రసాద వితరణమును, అన్నదమ్ముల యిండ్లలో వంటచేసిపెట్టి తినెడి తిండియు, భర్తను కోల్పోయినదానిని, భర్త విడిచిపెట్టినదానిని ఏదో యొక విధముగా బ్రతికించుచునే వచ్చినవి. కాని ఆ యన్నము తినుచున్న స్త్రీ, తన చేతి సంపాదనతో తానే బియ్యము కొని తన బిడ్డకు వండిపెట్టుకొనుటకు మార్గమేమి యని యోచించినవారు పందొమ్మిదవ శతాబ్ది చివరిభాగము వరకును మనలో మిక్కిలి యరుదు. వయసు మీరిన పిదప, అందులోను పరుల యాదరవుపై బ్రతుకుచున్న దశలో, ఆమెకు చదువు చెప్పి ఉద్యోగమున నిలబెట్టు ప్రయత్నము మన ప్రాంతమున నెట్లు మొదలై, ఎట్లు ప్రభుత్వ కార్యక్రమముగా పరిణమించి, ఎచ్చట కుంటుపడినదో చెప్పదలచితిని.

1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు జరిపించిన తొలి వితంతు వివాహమును మనము తరచుగా స్మరింతుము. ఆ వివాహమునకు తర్వాతి కథను అంతగా తలపము. పునర్వివాహమున కంగీకరింపనివారును, అంగీకరించినను వరుడు దొరకనివారును, పిల్లలు గలవారును పంతులుగారి యెదుట మిగిలిపోయిరి. వారికొఱకై మొదట మదరాసునందును, పిమ్మట రాజమహేంద్రవరమందును ఆయన వితంతు శరణాలయమును నడిపి, 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి తన యాస్తిని దాని కప్పగించిరి. శరణాలయమందు తలదాచుకొను నీడతో పాటు బడియు నుండవలెనని ఆయన యెరిగియుండిరి. అదే కాలమున, 1896లో, పూనా ప్రాంతమున ధోండో కేశవ కర్వే మహాశయుడు వితంతువులకొఱ కొక గృహమును నెలకొల్పెను. 1909లో రమాబాయి రానడేగారి యాధ్వర్యమున పూనాలో వెలసిన సేవాసదనము మరియొక యడుగు ముందుకువేసి, వయసు వచ్చిన స్త్రీలను ససూన్ ఆసుపత్రిలో నర్సులుగను, బడులలో పంతులమ్మలుగను తయారుచేయుటకు పూనుకొనెను. మదరాసులో, తాను స్వయముగా బాలవితంతువై, చెన్నరాజధానిలోని హిందూ వితంతువులలో మొట్టమొదటి పట్టభద్రురాలైన సుబ్బలక్ష్మిగారు 1912లో పిన్నవయసు వితంతువులను కొందరిని చేరదీసి ప్రారంభించిన వసతిగృహము, కాలక్రమమున సముద్రతీరమందలి ఐస్ హౌసు భవనమును చేరి, ఉపాధ్యాయినుల పుట్టినిల్లుగా పేరుపొందినది. మన గుంటూరున ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో స్థాపించిన శారదానికేతనమును ఈ కుటుంబమునకు చెందినదే.

ఈ సంస్థలన్నియు వేరువేరు మనుష్యుల కరుణనుండి పుట్టినవే యైనను, వాటి జయమునకు కారణము కరుణ యొక్కటియే కాదని నా యభిప్రాయము. ఆ రోజులలో ఆడపిల్లల బడులు పెట్టుటకు ప్రభుత్వము సిద్ధముగ నుండెను. మగపంతుళ్ళ వద్దకు పిల్లలను పంపుటకు తల్లిదండ్రులు సిద్ధముగ లేరు. పంతులమ్మలు కావలసియుండెను. సంసారములోనున్న స్త్రీలు ఆ పనికి రాలేరు, వచ్చినను ఇంటివారు పంపరు. అందుచే వితంతువు చదువు ముగించి బయటికి వచ్చు సరికి ఆమెకొఱ కొక కుర్చీ, ఒక నల్లబల్ల, ఒక నెలజీతము ముందుగనే వేచియుండెడివి. ఉద్యోగము ముందు, శిక్షణము వెనుక. ఈ వరుస తారుమారైనపుడెల్ల ఏమి జరిగినదో ముందు చూతము.

శరణాలయముల కాలమునుండి ప్రభుత్వ పథకముల కాలమునకు వంతెన వేసిన వ్యక్తి దుర్గాబాయిగారు. 1909లో రాజమహేంద్రవరమున జన్మించి, ఎనిమిదవ యేటనే వివాహితయై, యుక్తవయస్కురాలైన పిమ్మట ఆ బంధమును తానే వదలుకొన్న ఆమె జీవితమే వయోజన విద్యకు మొదటి పాఠ్యపుస్తకము. కాకినాడలో బాలికగా నున్నపుడే ఆంగ్ల మాధ్యమమును నిరసించి బడి మానుకొని, తాను నేర్చిన హిందీని ఇరుగుపొరుగు స్త్రీలకు నేర్పుటకు పాఠశాల పెట్టినది. ఉప్పు సత్యాగ్రహమున మదరాసులో పాల్గొని చెరసాలలు చూచినది. వెల్లూరు కారాగారమున హత్యాది నేరములకు శిక్షపడిన స్త్రీలతో మాటలాడినపుడు, న్యాయస్థానమున తమపై మోపబడిన దేమో, తాము వ్రేలిముద్ర వేసిన దేమో వారిలో పెక్కుమందికి తెలియలేదని ఆమె గ్రహించి, ఆ గది గోడల నడుమనే న్యాయశాస్త్రము చదువవలెనని సంకల్పించుకొన్నది. అప్పటికి ఆమెకు మెట్రిక్యులేషను కూడ లేదు.

విడుదలయైన పిదప కాశీ హిందూ విశ్వవిద్యాలయము వారి మెట్రిక్యులేషను పరీక్షకు ప్రైవేటుగా చదివి ఉత్తీర్ణురాలైనది. వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వెళ్ళగా, స్త్రీలకు హాస్టలు లేదని ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు సందేహించిరి. ఆమె పత్రికలో ప్రకటన వేయించి, హాస్టలు లేక చదువు మానుకొన్న పిల్లలను ప్రోగుచేసి, తానే యొక వసతిగృహమును నడిపి, ఆ సందేహమునకు కార్యరూపమున సమాధానము చెప్పినది. రాజనీతి శాస్త్రమున పట్టము పొంది, 1942లో మదరాసున న్యాయశాస్త్ర పట్టమును కూడ సాధించినది. పదేండ్ల బడి చదువు లేని స్త్రీ, ఇరువదియైదేండ్లకు దగ్గరపడిన పిదప పుస్తకము పట్టి ఇంతదూరము నడువగలిగిన దన్న అనుభవము తనదే యగుటచే, తక్కిన స్త్రీల విషయమున "ఇంక ఈ వయసులో చదువేమి" యన్న మాటను ఆమె యెన్నడును ఒప్పుకొనలేదు.

1937లో మదరాసు మైలాపూరున ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళాసభ మొదట చేపట్టిన పనులలో ముఖ్యమైనది ఇదియే. చిన్నతనమున బడి మానిపింపబడినవారిని, వితంతువులను, భర్తలచే వదలివేయబడినవారిని చేర్చుకొని, కాశీ మెట్రిక్యులేషనునకు తరిఫీదు చేసి పంపుట. దానితో పాటు కుట్టుపని, నేత, హిందీ తరగతులు. తర్వాత ఆసుపత్రియు, అందులో నర్సులకు మంత్రసానులకు శిక్షణమును. సభ పక్షమున వెలువడిన "ఆంధ్ర మహిళ" పత్రికయు ఆ కృషికి తోడైనది. సంస్థానాధీశుల విరాళములు, ఇంటింటికిని తిరిగి ప్రోగుచేసిన చందాలు, ఇవియే పెట్టుబడి. ప్రభుత్వ ధనమింకను రాలేదు.

అది వచ్చిన కథయే ఈ చరిత్రలో పసగల ఘట్టము. రాజ్యాంగ సభలోను, తరువాత ప్రణాళికా సంఘమునందును సభ్యురాలై పనిచేసిన దుర్గాబాయిగారు, 1953 ఆగస్టులో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ప్రథమాధ్యక్షురాలైరి.  మొదటి పంచవర్ష ప్రణాళికలో మండలికి కేటాయింపబడినది నాలుగు కోట్ల రూపాయలు. 1954లో గ్రామములందు సంక్షేమ విస్తరణ ప్రాజెక్టులను నెలకొల్పదలచిరి. ఒక్కొక్క ప్రాజెక్టు కింద సుమారు ఇరువదియైదు గ్రామములు, వాటిలో బాలవాడి, ప్రసూతి సహాయము, అక్షరాస్యత, చేతిపనులు. ధనము దొరికినది, గ్రామములు దొరికినవి, మనుష్యులు దొరకలేదు. గ్రామసేవికగా పోవుటకు ఎనిమిదవ తరగతియో, మెట్రిక్యులేషనో కావలెను. 1951 జనాభా లెక్కల ప్రకారము దేశమునందలి స్త్రీలలో చదువను వ్రాయను వచ్చినవారు నూటికి తొమ్మిదిమంది కూడ లేరు. చదివిన పట్టణపు పిల్ల కరెంటు లేని పల్లెలో, ఒంటరిగా, బావినీళ్ళు తోడుకొని కాపురముండుటకు రాదు. పల్లెలోని స్త్రీకి ఆ యిబ్బంది లేదు గాని చదువు లేదు. సీతానగరము కస్తూర్బా ఆశ్రమము వంటి సంస్థలు సేవికలను తయారుచేయుచుండినను ఆ సంఖ్య యే మూలకును చాలదు.

ఒక ప్రక్క మనుష్యులు లేని ఉద్యోగములు, మరియొక ప్రక్క ఉద్యోగము లేని మనుష్యులు. ఈ రెంటిని ముడివేసిన బుద్ధి విశేషమే 1958లో ప్రారంభమైన వయోజన స్త్రీల సంక్షిప్త విద్యా పథకము. వాడుకలో దానిని కండెన్స్‌డ్ కోర్సు అనిరి. నాలుగైదు తరగతులవరకు చదివి మానిన స్త్రీలను, ప్రాయికముగా పద్దెనిమిది మొదలు ముప్పదియేండ్ల లోపువారిని, సుమారు ఇరువదియైదుగురిని ఒక్కచోట చేర్చి, వసతి భోజనములు కల్పించి, రెండేండ్లలో మిడిల్ స్కూలు పరీక్షకో మెట్రిక్యులేషనునకో ప్రైవేటుగా కట్టించెడివారు. ఖర్చును మండలి గ్రాంటుగా ఇచ్చెడిది. నడుపువారు స్థానిక స్వచ్ఛంద సంస్థలవారు. గట్టెక్కినవారు గ్రామసేవికలుగ, బాలసేవికలుగ, నర్సులుగ, మంత్రసానులుగ, ప్రాథమికోపాధ్యాయినులుగ శిక్షణమునకు వెళ్ళెడివారు.

చిన్నపిల్ల ఆరేడేండ్లు చదువు పాఠమును పెద్దామె రెండేండ్లలో ఎట్లు చదువగలదని పలువురు పండితులు శంకించిరి. ఆ శంకకు కారణము పిల్లల బడిని తప్ప మరొక బడిని వారు చూడకుండుట. ఎకరమునకు గింజ యెంత పడవలెనో, మూడు మాసముల పాలబాకీ యెంతయైనదో, వడ్డీ మీద వడ్డీ యెట్లు పెరుగునో నోటితో లెక్కించు స్త్రీకి త్రైరాశికము క్రొత్త కాదు. దానిని కాగితము మీద పెట్టు పద్ధతియే క్రొత్త. తెలుగు, సాంఘికశాస్త్రము, ఆరోగ్యశాస్త్రము ఆమెకు సులభముగ పట్టువడును. బాధించునది ఆంగ్లమే. ఇంకొక విచిత్రమును ఇచ్చట చెప్పదగును. ఈ పథకము పుట్టిన దినములలోనే దేశమున కొలతలన్నియు మారుచుండెను. 1957 ఏప్రిలులో అణాలు పోయి నయాపైసలు వచ్చినవి. 1958 నుండి వీశెలు, సేర్లు క్రమముగా తొలగి కిలోగ్రాములు వచ్చినవి. పుట్టినది మొదలు అణాలలో ఆలోచించిన స్త్రీ పరీక్షలో దశాంశములలో సమాధానము వ్రాయవలసివచ్చినది. బడిలో ఆ దశాంశమును నేర్చినది గ్రామసేవికయై పల్లెకు పోయినపుడు, సంతలో మోసపోకుండుట యెట్లో తక్కిన స్త్రీలకు నేర్పగలిగినది.

అన్నిటికంటె గొప్ప అడ్డంకి పాఠములలో లేదు, ఇంటిలో నున్నది. బిడ్డ నెవరు చూతురు? నెలకు రెండు రూపాయలైనను పుట్టింటికి పంపకున్న ముసలి తల్లి యేమి తినును? వసతిలేని కోర్సునకు వచ్చిన స్త్రీలు కోతల కాలమున కనబడకపోవుట సహజము. ఈ కారణముచేతనే వసతి భోజనములను పథకమున అలంకారముగా గాక ఆధారముగా భావింపవలసి యుండెను. చదువునకు ఖర్చు చేసినను తిండికి ఖర్చు చేయుట దుబారా యని తలచిన సంస్థలచోట హాజరు పట్టికయే తగిన జవాబు చెప్పినది.

అదే 1958లో స్త్రీవిద్యపై నియమింపబడిన జాతీయ సంఘమునకు దుర్గాబాయిగారే అధ్యక్షురాలై 1959లో నివేదిక సమర్పించిరి. దానిలో పెద్ద వయసు స్త్రీల విద్యను బాలికా విద్యకు తోక వలె గాక, ప్రత్యేకమైన అవసరముగా పరిగణించిరి. ఈ నివేదికను గూర్చి విస్తరించి వ్రాయుటకు ఇది తావు కాదు.

ఇక ఉద్యోగము ముందు, శిక్షణము వెనుక యన్న వరుస తారుమారైన సంగతి. కేంద్ర సాంఘిక సంక్షేమ మండలియే పట్టణములలో పేద కుటుంబముల స్త్రీలకు పని కల్పించుటకై అగ్గిపెట్టెల తయారీ మొదలగు చిన్న పరిశ్రమలను ప్రోత్సహించినది. దేశమంతట మహిళామండలులు కుట్టు కేంద్రములను తెరచినవి. నేర్చుకొనుటలో ఎవరును వెనుకబడలేదు. కాని చేసిన అగ్గిపెట్టెను, కుట్టిన లంగాను కొనువాడెవడు? పెద్ద కర్మాగారపు సరకుతో, బజారు దర్జీ వేగముతో పోటీపడుట ఎట్లు? కుట్టుమిషను సర్టిఫికెట్టు చేతబట్టుకొని ఇంటికి పోయిన స్త్రీ, అదే యూరిలో తనతోపాటు నేర్చిన మరి పదిమందికి పోటీదారై కూర్చుండెను. మెట్రిక్ తప్పినను మంత్రసాని శిక్షణకు ఎన్నికయైన స్త్రీ జీతము తెచ్చుకొనెను. ఏ తప్పును లేక కుట్టు నేర్చిన స్త్రీ రవికకు అణాలు లెక్కపెట్టుకొనెను. నేర్చుకొన్నవారి తెలివిలో ఈ భేదము లేదు. నేర్పినవారు శిక్షణమునకు ముందు ఉద్యోగమును వెదకిరా లేదా యన్నదే భేదము. నేటికిని మూడు మాసముల కుట్టు శిక్షణమునకు మిషను బహుమతిగా నిచ్చి చేతులు దులుపుకొను పథకములను చూచినపుడు నాకు గట్టి బాధ కలుగును. అరువదియేండ్ల క్రిందటనే తేలిన విషయమును మరల పేదవారి కాలముతో పరీక్షించుచున్నాము.

దుర్గాబాయిగారు తరువాతి కాలమున హైదరాబాదులో స్థిరపడి, విద్యానగరమందలి ఆంధ్ర మహిళాసభ ప్రాంగణమును కళాశాలలతో, ఆసుపత్రితో పెంపొందించి, అక్షరాస్యతకై సాక్షరతా భవనమును నెలకొల్పి, 1981 మే 9న కన్నుమూసిరి. మరుసటి సంవత్సరము, 1982లో, అదే నగరమున దేశమునకు మొదటిదైన సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసి, పాఠశాల సర్టిఫికెట్టు లేనివారు సైతము అర్హత పరీక్ష వ్రాసి డిగ్రీలో చేరుటకు తలుపు తెరచినది. ప్రైవేటుగా మెట్రిక్ కట్టిన తరమువారి మనుమరాండ్రకు అది పెద్ద మేలు.

అయితే చదువు వైపు తలుపులు తెరచుకొనుచుండగా ఉద్యోగము వైపు తలుపు సన్నగిల్లినది. 1975 అక్టోబరు 2న దేశములో ముప్పదిమూడు చోట్ల మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము, నాటి బాలసేవిక చేసిన పనినే అంగన్‌వాడీ కార్యకర్తకు ఒప్పగించినది. బరువు తూచుట, పౌష్టికాహారము వండించి పెట్టుట, గర్భిణుల పేర్లు నమోదు చేయుట, పిల్లలకు పాటలు చెప్పుట, దానితోపాటు సర్కారు వారు తలచిన ప్రతి సర్వే. ఆమెకు మాత్రము జీతము లేదు, గౌరవ వేతనమే. ఒంటరి స్త్రీలకు, వితంతువులకు పెద్ద సంఖ్యలో దొరికిన పని ఇది. ఈ పనిని ఉద్యోగమని పిలుచుటకు ప్రభుత్వము ఒప్పుకొనలేదు. 2022 ఏప్రిలులో అంగన్‌వాడీ సిబ్బందికి గ్రాట్యుటీ హక్కు కలదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అదే సంవత్సరము ఆగస్టులో, 1953లో దుర్గాబాయిగారి యధ్యక్షతన పుట్టిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలిని మూసివేసిరి. 2023 డిసెంబరు 12 మొదలు ఆంధ్రప్రదేశ్‌లోని అంగన్‌వాడీ కార్యకర్తలును ఆయాలును 42 రోజులు సమ్మె చేసిరి. వారు కోరినవి వేతనమును పెంచుటయు, గ్రాట్యుటీ నిచ్చుటయును.