పెయ్య పలుపు ఎప్పుడు చేతికిచ్చేవాళ్లంటే

ఇలా మంట దగ్గరికి జరిగి కూర్చో అబ్బాయ్. పాప పుట్టినరోజుకి కుక్కపిల్లని కొనాలా, చిలకని తేవాలా అని నువ్వూ మీ ఆవిడా పొద్దుట్నించీ అనుకుంటున్నారుగా. మా చిన్నప్పుడు పిల్లలకి పెయ్యని ఎట్లా ఇచ్చేవాళ్లో చెబుతా విను.

కూచిపూడిలోనూ, మొవ్వ వైపూ అప్పట్లో పాడి లేని ఇల్లు తక్కువ. గేదె ఈని పెయ్య పుడితే "ఇది అమ్మాయిది" అనేవాళ్లు. అనడం వేరు, ఇవ్వడం వేరు. మా నాన్న ముందు పని చూసేవాడు. కోతలయ్యాక వరిచేలో ఎదిగిన పిల్లిపెసర కోసుకొచ్చి వేస్తోందా, కుడితిలో తవుడు కలుపుతోందా, తెల్లారగానే పేడ ఎత్తుతోందా, వానాకాలం సాయంత్రాలు పాకలో దోమలకి పొగ పెడుతోందా అని. అవన్నీ చెప్పకుండా చేస్తున్నానని చూశాకే మెడకి గంట కట్టి పలుపు నా చేతికిచ్చాడు. మన ఊళ్లో అడుగులు కుదిరాక గానీ పిల్లకి గజ్జెలు కట్టరు చూడు, అట్లాగే. గేదెపెయ్య ఈనాలంటే మూడు నాలుగేళ్లు. అన్నాళ్లూ పాలచుక్క ఉండదు, చాకిరీ ఒక్కటే. ఆ చాకిరీలోనే నాకు దానిమీద ప్రేమ పుట్టింది. నాకు జ్వరమొచ్చిన రోజున మాత్రం మేత మా అమ్మే వేసేది. దాన్ని పస్తు పెట్టి నాకు బుద్ధి చెప్పాలని ఎవరూ అనుకోలేదు.

77 నవంబరు 19న ఉప్పెనొచ్చి దివిసీమ ఊళ్లకి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. వేలమంది పోయారు. పాకల్లో గొడ్లు కట్టేసినవి కట్టేసినట్టే పోయాయి, పలుపులు విప్పే వ్యవధి ఎవరికుంది? జీవాన్ని కట్టేశామంటే దాని ప్రాణం మన చేతిలో పెట్టుకున్నట్టేనని ఆ ఏడు మాకందరికీ తెలిసొచ్చింది.

చిలక మాట మరిచిపో. తొర్రలోంచి తల్లి దగ్గర్నించి పిల్లల్ని లాక్కొచ్చి, రెక్కలు కత్తిరించి అమ్ముతారు. మన రామచిలకని పట్టినా, అమ్మినా, ఇంట్లో ఉంచినా 1972 వన్యప్రాణుల చట్టం ప్రకారం నేరం. తిరునాళ్లలో గులాబీరంగు పూసి అమ్మే కోడిపిల్లలూ వద్దు. గుడ్లు పెట్టవని హేచరీలు వదిలించుకునే పుంజుపిల్లలవి. వెచ్చదనం లేక నాలుగు రోజుల్లో చస్తాయి, పాప ఏడుస్తుంది.

ఇక కుక్కపిల్ల. పది పన్నెండేళ్లు బతుకుతుంది. పాప ఇంటరుకొచ్చి హాస్టల్‌కి పోయేనాటికి అది ముసలిదై మీ విజయవాడ అపార్ట్‌మెంట్లోనే ఉంటుంది. రోజూ కిందికి దించి తిప్పాలి, రేబిస్ టీకాలు తప్పకుండా వేయించాలి. గోరు గీరినా పావుగంట సేపు సబ్బుతో కడిగి ఆసుపత్రికి పరిగెత్తాలి. ఇవి ఆరేళ్ల పిల్ల చేసే పనులా?

రేపు వెళ్లేటప్పుడు పిట్టల కోసం వరికంకుల కుచ్చు ఒకటి కట్టిస్తా. బాల్కనీలో వేలాడదీసి, పక్కన నీళ్ల మూకుడు పెట్టండి. రోజూ పొద్దున్నే ఆ నీళ్లు మార్చే పని పాపకి అప్పజెప్పు. ఉగాది దాకా చూడు. అప్పటికీ తనంతట తనే మారుస్తుంటే కుక్కపిల్ల సంగతి ఆలోచిద్దాం. అదైనా, పాపకి మోజు తీరాక మీ ఇద్దరికీ దాన్ని సాకే ఓపిక ఉంటేనే. లేదంటే ఈ ఏడు వద్దు నాయనా.