బేకర్ తిత్తి
బేకర్ తిత్తి మోకాలి వెనుక మడతలో కీలు ద్రవం చేరి ఏర్పడే ఉబ్బు. డబ్లిన్ వైద్యుడు రాబర్ట్ ఆడమ్స్ 1840లో, లండన్ శస్త్రవైద్యుడు విలియం మోరంట్ బేకర్ 1877లో దీన్ని వర్ణించారు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాపు జబ్బులో కీలుపొర వాచి ద్రవం ఎక్కువగా ఊరుతుంది. మోకాలు కదిలినప్పుడు అది పిక్క కండరం లోపలి తలకు, సెమీమెంబ్రనోసస్ స్నాయువుకు మధ్యనున్న సంచిలోకి చేరుతుంది. కవాటం లాంటి మడత దాన్ని వెనక్కి రానివ్వదు. అరుదుగా తిత్తి పిక్క కండరాల మధ్యకు జారుతుంది. పగిలితే పిక్క వాచి, ఎర్రబడి, సిరలో రక్తం గడ్డకట్టినట్టే కనిపిస్తుంది. అలా పొరబడి రక్తం పలచబరిచే మందులు ఇస్తే అవి రక్తస్రావాన్ని పెంచవచ్చు. చీలమండ కింద నెలవంకలా కమిలిన మచ్చ పగిలిన తిత్తికి గుర్తు. అయితే పగిలిన తిత్తి, సిరలో గడ్డ రెండూ కలిసి ఉండవచ్చు కనుక అల్ట్రాసౌండ్ పరీక్ష అవసరం. కీలువాపును అదుపు చేయకుండా ద్రవం మాత్రమే తీస్తే తిత్తి తరచూ తిరిగి వస్తుంది.