పెవిలియన్‌లో చోటు లేక చెట్టు కింద భోంచేసిన రోజులు



వారం రోజులుగా మన గ్రూపులో ఒకటే చర్చ. సంఘం తరఫున అందరం కలిసి మ్యాచ్‌కు వెళ్ళేటప్పుడు, దొరికిన కొద్ది టికెట్లు మొదట ఎవరికివ్వాలి? జీవిత సభ్యులకా, ఏటేటా చందా కట్టేవారికా, సభ్యత్వమే లేని మన ఊళ్ళ పిల్లలకా? వచ్చే సర్వసభ్య సమావేశంలో దీని మీద తీర్మానం పెడతారట. అంతకు ముందు కొంచెం పాత చరిత్ర చెప్పుకుంటే మంచిదనిపించి ఇది రాస్తున్నాను. కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి. నా అభిప్రాయం చివర్లో చెబుతాను.

ఈ చర్చ మొదలైంది రగ్బీ దగ్గర. 2025 జూన్‌లో మన దేశంలో మొదటిసారి రగ్బీ ప్రీమియర్ లీగ్ జరిగింది. రగ్బీ ఇండియాతో కలిసి దాన్ని నడిపింది జీఎంఆర్ స్పోర్ట్స్. ఆ జీఎంఆర్ మన రాజాం వారిదే. ఆరు జట్లలో చెన్నై బుల్స్ ఒకటి, హైదరాబాద్ హీరోస్ ఒకటి. ఫైనల్లో ఢిల్లీ రెడ్జ్‌ను ఓడించి కప్పు కొట్టింది చెన్నై జట్టే. అయితే ఆటలన్నీ ముంబైలోనే జరిగాయి. జట్టుకు మన ఊరి పేరుంది కానీ మన ఊళ్ళో దానికి గేటు లేదు, గ్యాలరీ లేదు. అందుకే మనవాళ్ళలో ఒకరు గ్రూపులో అడిగారు: "విదేశాల్లో రగ్బీ క్లబ్బులకు సీజన్ సభ్యత్వం అంటారు కదా, అదేమిటి? మనకూ అలాంటిది వస్తే లాభమా?"

మంచి ప్రశ్న. ఇంగ్లండ్, ఐర్లండ్, న్యూజిలాండ్ వంటి చోట్ల అభిమాని సీజన్ మొదట్లోనే ఒక మొత్తం కట్టేస్తాడు. ఆ ఏడాది సొంత మైదానంలో జరిగే ఆటలకు అతని సీటు ఖాయం. పెద్ద మ్యాచ్ వచ్చినప్పుడు టికెట్లు బయట అమ్మకానికి పెట్టక ముందే సభ్యులకు కొనుక్కునే వీలు ఇస్తారు. క్లబ్బుకేమో చేతిలో ముందుగానే డబ్బు ఉంటుంది. ఇంగ్లండ్‌లో ఇంకో పద్ధతి కూడా ఉంది. జాతీయ జట్టు ఆడే ట్వికెన్‌హామ్ టికెట్లలో కొన్నింటిని అక్కడి రగ్బీ యూనియన్ ఊరూరి చిన్న క్లబ్బులకు పంచుతుంది. ఊళ్ళో క్లబ్బును బతికించే మనిషికి పెద్ద ఆటలో ఒక కుర్చీ దక్కాలన్నది అందులోని ఆలోచన.

సభ్యత్వం మీద బతికిన రగ్బీ క్లబ్బు కథ మన దేశంలోనే ఒకటుంది. 1872 క్రిస్మస్ నాడు కలకత్తాలో ఇంగ్లండ్ వారు ఒకవైపు, స్కాట్లండ్, ఐర్లండ్, వేల్స్ వారు మరోవైపు చేరి రగ్బీ ఆడారు. ఆ ఉత్సాహంలో 1873 జనవరిలో కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్ పుట్టింది. మొదటి ఏడే 137 మంది చేరారు. క్లబ్బులో మందు ఉచితం. కొన్నాళ్ళకు ఆ ఉచితం ఆపేశారు. దాంతో సభ్యులు ఒక్కొక్కరే జారుకున్నారు. కలకత్తా ఎండలో రగ్బీ కన్నా టెన్నిస్, పోలో హాయిగా అనిపించాయి. చివరికి క్లబ్బు మూసేయాల్సి వచ్చింది. మిగిలినవాళ్ళు ఒక మంచి పని చేశారు. బ్యాంకులో ఉన్న 270 వెండి రూపాయలు తీసి, కరిగించి, ఒక కప్పు చేయించి, 1878లో ఇంగ్లండ్ రగ్బీ యూనియన్‌కు ఇచ్చేశారు. దాని పిడులు నాగుపాములు, మూత మీద ఏనుగు. 1879 నుంచి ఇంగ్లండ్, స్కాట్లండ్ జట్లు పోటీ పడుతున్న కలకత్తా కప్ అదే. అప్పనంగా వచ్చేదాని కోసం చేరినవారు అది ఆగగానే వెళ్ళిపోయారు. ఆట మీద ప్రేమతో నిలిచిన నలుగురి డబ్బు మాత్రం ఈనాటికీ మైదానంలో ఉంది.

ఇక మన మద్రాసుకు వద్దాం.

మద్రాస్ క్రికెట్ క్లబ్ 1846లో మొదలైంది. చెపాక్ మైదానం వారి చేతిలో ఉండేది. అది దొరల క్లబ్బు. భారతీయులు అక్కడికి వెళ్ళి వారితో ఆడవచ్చు కానీ పెవిలియన్ మెట్లెక్కడానికి వీల్లేదు. భోజన విరామం రాగానే దొరలు పెవిలియన్‌లోకి వెళ్ళేవారు. మనవాళ్ళు చెట్ల కింద కూర్చుని తినేవారు. బంతి వేయడానికి, కొట్టడానికి పనికొచ్చిన మనిషి పక్కన కూర్చుని తినడానికి పనికిరాలేదు.

ఈ అవమానానికి జవాబు చెప్పినవాడు ఒక తెలుగువాడు. మోతవరపు వెంకట మహిపతి నాయుడు అంటే చాలామందికి తెలియదు, బుచ్చిబాబు నాయుడు అంటే గుర్తుపడతారు. 1868లో పుట్టారు. ఇంగ్లీషు కంపెనీలకు దుబాసీలుగా పనిచేసి సంపాదించిన కుటుంబం. మైలాపూరులో లజ్ హౌస్ వారి ఇల్లు. డబ్బుంది, ఇంగ్లీషు చదువుంది, పలుకుబడి ఉంది. ఆయన తలచుకుంటే దొరల దగ్గర తనొక్కడికి ఏదో ఒక మర్యాద సంపాదించుకోగలిగేవారేమో. కానీ ఆయన చేసింది వేరు. 1888లో, అంటే తన ఇరవయ్యో ఏట, మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టారు. ఎస్ప్లనేడ్ మైదానంలో పిచ్ తయారు చేయించారు. కుర్రాళ్ళను పోగుచేసి బ్యాట్లు, బంతులు, ప్యాడ్లు సొంత డబ్బుతో కొనిచ్చి ఆట నేర్పించారు.

1888 అనగానే మన తిరుత్తణి వారికి వేరే సంగతి గుర్తొస్తుంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు మన ఊళ్ళో పుట్టింది ఆ ఏడు సెప్టెంబరు 5న. అప్పటికి తిరుత్తణి ఉత్తర ఆర్కాటు జిల్లాలో, తిరువళ్ళూరు చెంగల్పట్టు జిల్లాలో ఉండేవి. ఆంధ్రా, తమిళనాడు అన్న గీతలు లేవు. అంతా మద్రాసు ప్రెసిడెన్సీయే, మద్రాసు మన రాజధానే. రాజధానిలో ఉన్న పెద్ద మైదానంలో మనకు కుర్చీ లేని రోజులవి.

బుచ్చిబాబు అంతటితో ఆగలేదు. తన క్లబ్బులో తయారైన కుర్రాళ్ళను తీసుకుని అదే చెపాక్‌కు ఆడటానికి వెళ్ళారు. ఇరువైపుల వారికీ ఒకే మర్యాద జరగాలని పట్టుబట్టారు. మన ఆట దొరల ఆటకు తీసిపోదని తేలాక ఆ మాట కాదనడం కష్టమైంది. మద్రాస్ క్రికెట్ క్లబ్బులోని పార్ట్రిడ్జ్ అనే ఆయనతో కలిసి భారతీయులు, యూరోపియన్ల మధ్య ఒక పెద్ద పోటీ జరిపించాలని అనుకున్నారు. ఆ కల పూర్తిగా పండకుండానే 1908లో, నలభై ఏళ్ళకే, కన్నుమూశారు. ఆ తరువాత 1915-16 నుంచి ఆ పోటీ ఏటేటా నడిచింది. చరిత్ర పుస్తకాల్లో ప్రెసిడెన్సీ మ్యాచ్, జనం నోట్లో పొంగల్ మ్యాచ్. స్వతంత్రం వచ్చాక కూడా 1952 దాకా సాగింది. మనం సంక్రాంతి అనుకునే ఆ పండగ రోజుల్లో మద్రాసు జనానికి చెపాక్ ఒక తిరునాళ్ళలా ఉండేది.

ఆయన వేసిన విత్తనానికి పంట కూడా చూడండి. కొడుకుల్లో ఒకరైన కోటా రామస్వామి 1922లో డేవిస్ కప్ టెన్నిస్ ఆడారు. 1936లో, నలభై ఏళ్ళ వయసులో, ఇంగ్లండ్ మీద మాంచెస్టర్‌లో తొలి టెస్టు ఆడి 40, 60 పరుగులు చేశారు. బుచ్చిబాబు పేరు మీద 1909లో మొదలైన టోర్నమెంటులో ఈ రోజుకీ రాష్ట్ర జట్లు ఆడుతున్నాయి. 1934 ఫిబ్రవరిలో చెపాక్‌లో మొట్టమొదటి టెస్టు జరిగినప్పుడు ఇంగ్లండ్ కెప్టెన్ జార్డిన్‌తో కలిసి టాస్‌కు నడిచింది సి.కె. నాయుడు. నాగపూర్‌లో పుట్టిన తెలుగువాడు. ఆ టెస్టు మనం ఓడిపోయాం, నిజమే. కానీ ఒకప్పుడు చెట్టు కింద అన్నం తిన్నవాళ్ళ జట్టు అదే మైదానంలో దేశం పేరుతో ఆడింది.

దొరలు వెళ్ళిపోయారు కదా, ఇక గొడవ తీరిందా అంటే, తీరలేదు. చర్మం రంగు అడిగే గేటు పోయింది. సభ్యత్వ కార్డు, ఉచిత పాసు అడిగే గేటు వచ్చింది.

కొన్ని ఉదాహరణలు చాలు. 1967 జనవరి 1న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో వెస్టిండీస్‌తో టెస్టు జరుగుతుండగా పెద్ద అల్లర్లు జరిగాయి. ఉన్న చోటుకు మించి టికెట్లు అమ్మారు. డబ్బిచ్చి కొన్నవాడికి కూర్చునే చోటు లేదు. అదే నెల 13న తరువాతి టెస్టు మన చెపాక్‌లో మొదలైంది. అంతకు ముందు పదేళ్ళకు పైగా మద్రాసు టెస్టులు కార్పొరేషన్ స్టేడియంలో జరిగేవి, ఆ మ్యాచ్‌తోనే తిరిగి చెపాక్‌కు వచ్చాయి. బొంబాయిలో బ్రాబోర్న్ స్టేడియం ఒక క్లబ్బుది. టెస్టు టికెట్లలో తమ వాటా ఎంత అన్న దాని మీద ఆ క్లబ్బుకూ బొంబాయి క్రికెట్ సంఘానికీ తగవు ముదిరింది. చివరికి సంఘం అక్కడికి దగ్గర్లోనే సొంతంగా వాంఖడే స్టేడియం కట్టేసింది. 1975 జనవరిలో అక్కడ తొలి టెస్టు. అంటే టికెట్ల పంపకం దగ్గర మాట కుదరక ఒక నగరంలో రెండో స్టేడియమే లేచింది!

చెపాక్ సంగతి మనందరం కళ్ళారా చూసిందే. 2011 ప్రపంచ కప్పు కోసం కొత్తగా కట్టిన ఐ, జె, కె స్టాండ్లు అనుమతుల తగాదాలో పడి కోర్టులకెక్కాయి. దాదాపు 12 వేల సీట్లు. ఆ తగాదాలో పక్కనున్న క్లబ్బు జిమ్ భవనం కూడా ఉంది. ఏళ్ళ తరబడి పెద్ద పెద్ద మ్యాచ్‌లకు కూడా ఆ స్టాండ్లకు తాళం. బయట టికెట్ దొరక్క జనం, టీవీలో చూస్తే ఖాళీ కుర్చీలు. క్లబ్బు జిమ్ కూల్చేశాక, పక్కన కొత్త స్టాండ్ కూడా లేచాక, 2023కి గానీ మైదానం నిండుగా కనిపించలేదు.

హైదరాబాద్ వైపు చూసినా అంతే. 2022 సెప్టెంబరులో ఆస్ట్రేలియాతో టీ20 టికెట్ల కోసం సికింద్రాబాద్ జింఖానా మైదానం దగ్గర తొక్కిసలాట జరిగి జనం గాయపడ్డారు. 2025లో ఐపీఎల్ జట్టుకూ అక్కడి క్రికెట్ సంఘానికీ ఉచిత పాసుల మీదే రచ్చ అయింది. ఎండలో వరుసలో నిలబడే మనిషికి ఆ లెక్కల్లో ఎక్కడా చోటు లేదు.

మన సంగతి తీసుకోండి. తిరుత్తణి నుంచి చెపాక్ వెళ్ళాలంటే లోకల్‌లో సెంట్రల్ దాకా రెండు గంటలు, అక్కడ దిగి పార్క్ టౌన్‌లో ఇంకో రైలు. రాత్రి మ్యాచ్ ముగిసేసరికి పదకొండు దాటుతుంది. తిరిగి ఇల్లు చేరే దారి వెతుక్కోవాలి. టికెట్లు ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే, నిమిషాల్లో అయిపోతాయి. మగ్గం మీద ఉన్నవాడు, కొట్లో ఉన్నవాడు, పొలంలో ఉన్నవాడు ఆ సమయానికి ఫోను పట్టుకుని కూర్చోగలడా? పళ్ళిపట్టు, ఆర్.కె. పేట వైపు పిల్లలు ఆటగాళ్ళ పేర్లన్నీ గడగడా చెబుతారు. వారిలో స్టేడియం లోపలికి అడుగు పెట్టినవారు ఎందరో మీరే లెక్కేయండి.

ఇప్పుడు నా అభిప్రాయం.

సభ్యత్వం తప్పు కాదు. చందా కట్టేవాడు లేకపోతే సంఘమే లేదు. జీవిత సభ్యులు కష్టకాలంలో చేయిచ్చారు, వారికి మర్యాద దక్కాల్సిందే. కానీ సభ్యత్వంతో రెండు పనులు చేయవచ్చని ఈ చరిత్ర చెబుతోంది. చెపాక్ పెవిలియన్ సభ్యత్వం బయటివాడిని బయటే ఉంచింది. బుచ్చిబాబు క్లబ్బు సభ్యత్వం బ్యాటు కొనుక్కోలేని కుర్రాడి చేతిలో బ్యాటు పెట్టింది. రెండూ క్లబ్బులే, రెండింటికీ రిజిస్టర్లు ఉన్నాయి. మొదటిదాని మెట్ల దగ్గర ఆగిపోయినవాళ్ళు మనవాళ్ళు. రెండోదాన్ని కట్టినవాడూ మనవాడే.

అందుకని నా ప్రతిపాదన ఇది. సంఘం తరఫున ఎన్ని టికెట్లు దొరికినా నాలుగో వంతు పక్కన పెడదాం. వాటిని సభ్యత్వంతో పని లేకుండా, ఇంతవరకు స్టేడియం చూడని బడి పిల్లలకు, వారిని తీసుకెళ్ళే ఒక పెద్దకు ఇద్దాం. మిగిలిన మూడు వంతుల్లో జీవిత సభ్యులూ, ఏడాది సభ్యులూ సమానంగా చీటీలు వేసుకుందాం. చీటీలు అందరి ముందూ తీద్దాం. కార్యవర్గం వారు కూడా ఆ చీటీల్లోనే ఉండాలి, వేరే పాసులు వద్దు. ఒకసారి వచ్చినవారి పేరు మరుసటి సారికి చివర్లో ఉండాలి. రేపు చెన్నై రగ్బీ జట్టు చెన్నైలోనే ఆడే రోజు వచ్చి, సీజన్ సభ్యత్వాలు పెడితే, సంఘం పేరుతో కొన్ని కొని ఇదే పద్ధతిలో తిప్పుకోవచ్చు.

కొందరికి ఇది నచ్చకపోవచ్చు. "డబ్బు కట్టినవాడికి, కట్టనివాడికి తేడా ఉండొద్దా?" అని అడుగుతారు. ఉండాలి. ఓటు హక్కులో ఉంది, పదవుల్లో ఉంది, లెక్కలు అడిగే హక్కులో ఉంది. ఆట చూసే పిల్లవాడి కుర్చీలో కూడా ఉండాలా అన్నదే నా ప్రశ్న.

సమావేశానికి తప్పకుండా రండి. నా లెక్క సరికాదనిపిస్తే మీ లెక్క తీసుకురండి, చర్చిద్దాం. ఆర్.కె. పేట, పళ్ళిపట్టు వైపు బడుల్లో పనిచేసే సభ్యులు ఎవరైనా ఉంటే, ఆటంటే పడిచచ్చే పిల్లల జాబితా ఒకటి ఇప్పటి నుంచే రాసి ఉంచండి.