ఆరేసుకునే జాగా

జనగామ జిల్లా పాలకుర్తి పేరెత్తితే ఇద్దరు గుర్తొస్తారు. ఒకరు బసవపురాణం రాసిన పాల్కురికి సోమనాథుడు. ఇంకొకరు చిట్యాల ఐలమ్మ, అంటే లోకానికి తెలిసిన చాకలి ఐలమ్మ. ఇద్దరి మధ్యా కొన్ని వందల ఏళ్ల దూరం ఉంది. సోమన తన కావ్యంలో మడివాలు మాచయ్య కథ చెప్పాడు. కల్యాణ నగరంలో శివభక్తుల బట్టలు తప్ప ఇంకెవరివీ ఉతకనన్న రజకుడాయన. ఎవరి బట్ట ముట్టాలో తానే తేల్చుకున్నాడు, ఆ మాట మీద రాజు బిజ్జలుడికి కూడా లొంగలేదు. ఐలమ్మ కాలం వచ్చేసరికి అదే పాలకుర్తి చుట్టుపక్కల రజకులకు అలా తేల్చుకునే వీలే లేదు. గడీ నుంచి మూట వస్తే ఉతకాల్సిందే. కూలి అడిగే మాటే లేదు. దాన్ని వెట్టి అన్నారు.

బట్టలారేసుకునే హక్కు అనగానే ఈ రోజుల్లో అమెరికా కాలనీల తగాదాలు గుర్తొస్తాయి. వాటి దగ్గరికీ వస్తాను. కానీ ఆ హక్కు వేళ్లు వెతకాలంటే మొదట చూడాల్సింది పెరట్లో దండేన్ని కాదు, చెరువు గట్టునున్న రేవును. ఎండ అందరికీ ఊరకే వస్తుంది. ఉతికిన బట్టను పరుచుకునే నేల మాత్రం ఎప్పుడూ ఎవరో ఒకరిది. ఊరందరి బట్టలూ ఆరబెట్టే కులానికి సొంత జాగా లేకపోవడం, ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా పెద్ద సంగతిగా కనిపిస్తుంది.

రేవు పని తీరు తెలిస్తే ఎంత నేల కావాలో అర్థమవుతుంది. సబ్బులు రాకముందు మైల బట్టలను చవుడు మట్టి కలిపిన నీళ్లలో నానేసేవారు. పొయ్యి మీద పెద్ద బాన పెట్టి, నీళ్లు పోసి, దాని మూతి మీద బట్టలు పేర్చి రాత్రంతా ఆవిరి పట్టించేవారు. అదే ఉబ్బ. తెల్లారి బండ మీద బాది, జాడించి, కావాల్సిన వాటికి గంజీ నీలిమందూ పెట్టేవారు. ఏ ఇంటి బట్ట ఏదో తెలియడానికి నల్లజీడి రసంతో ఓ మూల చిన్న గుర్తు వేసేవారు. ఎన్ని ఉబ్బలు పట్టినా ఆ గుర్తు పోదు. ఇదంతా నీళ్ల ఒడ్డున, నాలుగడుగుల బండ దగ్గర జరిగిపోయే పని. ఆ తర్వాతే అసలు చిక్కు మొదలవుతుంది. ముప్ఫై ఇళ్ల మూట పొద్దువాలేలోగా ఆరాలి. ధోవతులు, దుప్పట్లు, చీరలు ఒకదాని మీద ఒకటి పడకుండా పరచాలి. పశువులు తొక్కకూడదు, దుమ్ము లేవకూడదు.

తాడు కట్టే పద్ధతి దగ్గరగా చూడదగ్గది. రెండు పేటల తాడును గట్టిగా మెలితిప్పి రెండు గుంజల మధ్య లాగి కడతారు. మధ్యలో కుంగిపోకుండా కత్తెరలా కట్టిన జంట కర్రలను కింది నుంచి ఎత్తు పెడతారు. బట్ట కొసను బొటనవేలితో మెలిక సందులోకి తోస్తారు. మెలిక దాన్ని పట్టేస్తుంది. గాలి ఎంత విసిరినా జారదు, లాగితే మాత్రం చిరగకుండా వచ్చేస్తుంది. స్ప్రింగు క్లిప్పుకు అమెరికాలోని వెర్మాంట్‌లో డేవిడ్ స్మిత్ అనే ఆయన 1853లో పేటెంటు తీసుకున్నాడు. ఈ తాడు మెలికకు పేటెంటు లేదు, కనిపెట్టిన వాడి పేరూ లేదు. ముంబయి మహాలక్ష్మి దోభీఘాట్‌లో ఇప్పటికీ ఇదే తాడు.

తెల్లబట్టలకు తాడు కూడా అక్కర్లేదు. తడిబట్టను పచ్చగడ్డి మీద పరిచి, మధ్యమధ్య నీళ్లు చల్లుతూ ఎండలో ఉంచితే తెలుపు తేలుతుంది. 1799లో బ్రిటన్‌లో బ్లీచింగ్ పొడి వచ్చేదాకా యూరప్‌లోనూ గుడ్డను ఇలాగే తెలుపు చేసేవారు. కోరమాండల్ తీరం నుంచి ఓడలెక్కిన గుడ్డకు కూడా ఈ పనే జరగాలి. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ గుడ్డను ఉతికి ఎండబెట్టే వాళ్లుండే చోటు కాబట్టే వాషర్‌మెన్‌పేటకు ఆ పేరొచ్చింది. ఎగుమతి లెక్కల్లో గుడ్డ గజాలు ఉంటాయి, ధర ఉంటుంది. అది ఆరిన మైదానం ఏ పద్దులోకీ ఎక్కదు.

ఐలమ్మ పోరాడింది ఆరేసే తాడు కోసం కాదు, తాను పండించిన వడ్ల కోసం. మల్లంపల్లి దొర దగ్గర కౌలుకు భూమి తీసుకుని సాగు చేసింది. ఉతుకుడు పని చేసే ఇంటి ఆడమనిషి పొలం చేయడమే విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి కంటగింపయింది. ఆమె ఊళ్లలో సంఘం అని పిలిచే ఆంధ్ర మహాసభలో చేరింది. చేతికొచ్చిన పంటను కోసుకుపోవడానికి దేశ్‌ముఖ్ మనుషుల్ని పంపితే, సంఘం వాళ్లు అడ్డుపడి ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చారు. అదే దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య ప్రాణాలు వదిలాడు. ఈ ఊళ్లన్నీ ఇప్పటి జనగామ జిల్లాలోవే. ఈ ఘటనల్లో రాజకీయం గురించి చాలా రాశారు. నాకు మాత్రం ఒక సంగతి విడిగా కనబడుతుంది. నీళ్లు చెరువువి, గట్టు సర్కారుదో దొరదో, బట్ట ఇంకొకరిది. తమది కాని నేల మీద తరాల తరబడి బతికిన కులం నుంచి ఒక మనిషి ముందు నేల అడిగింది. వెట్టి తెగడం అక్కడ మొదలైంది.

ఆరేసుకునే హక్కు కోర్టుకెక్కిన కథ ఇంకా పాతది. 1832లో ఇంగ్లండులో డ్రూవెల్ అనే ఆయనకూ టౌలర్ అనే ఆయనకూ మధ్య ఓ వ్యాజ్యం నడిచింది. పక్కవాడి స్థలం మీదుగా తాళ్లు కట్టి బట్టలారేసుకునే హక్కు వాడుక వల్ల ఏర్పడుతుందని ఆ కేసులో తేలింది. 1905లో మరో కేసులో సముద్రపుటొడ్డున వలలు ఆరబెట్టుకునే జాలరుల ఆనవాయితీని కోర్టు నిలబెట్టింది, అక్కడ ఇళ్లు కట్టుకోవాలన్న భూయజమాని ఓడిపోయాడు. మన చట్టంలోనూ ఈ సూత్రమే ఉంది. ఇతరుల నేలను ఒక అవసరానికి బాహాటంగా, అడ్డులేకుండా, హక్కుగా 20 ఏళ్లు వాడుకుంటే ఆ వాడుకే హక్కవుతుంది. సర్కారు భూమి అయితే 30 ఏళ్లు. ఈ సంగతి రేవు పక్కన తాళ్లు కట్టే వాళ్లలో ఎక్కువమందికి ఎవరూ చెప్పలేదు.

ఇంకో కేసు మన రాజ్యాంగం దాకా వచ్చింది. 1880లో శాన్‌ఫ్రాన్సిస్కో నగర పాలకులు చెక్క ఇళ్లలో లాండ్రీ నడపాలన్నా, ఇంటి కప్పు మీద చట్రం కట్టాలన్నా తమ అనుమతి తప్పనిసరి చేశారు. కప్పు మీది చట్రాలంటే చాలావరకు చీనా చాకళ్లు బట్టలారేసేవే. ఊళ్లో 320 లాండ్రీలుంటే 310 చెక్కవే. అనుమతి అడిగిన చీనావాళ్లు రెండు వందల మందికి కాదన్నారు. తెల్లవాళ్లలో ఎనభై మందికి ఇచ్చారు, కాదన్నది ఒక్కరికే. ఇరవై రెండేళ్లుగా ఒకే చోట లాండ్రీ నడిపిన యిక్ వో జైలుకెళ్లి, సుప్రీంకోర్టు దాకా పోయి 1886లో గెలిచాడు. రాతలో సమానంగా కనిపించే నియమాన్ని పక్షపాతంతో అమలు చేస్తే అది సమానత్వానికి విరుద్ధమని కోర్టు తేల్చింది. 1952లో మన సుప్రీంకోర్టు అన్వర్ అలీ సర్కార్ కేసులో 14వ అధికరణాన్ని చర్చిస్తూ ఈ తీర్పును తీసుకొచ్చింది. మన సమానత్వపు న్యాయం వెనక ఒక చాకలివాడి వ్యాజ్యం ఉందని తెలిసిన రోజున నాకు కలిగిన సంతోషం ఇంకా తగ్గలేదు.

అమెరికాలో తాడు మీద నిషేధం తర్వాతి కాలపుది. న్యూయార్క్ పక్కన 1947లో మొదలైన లెవిట్‌టౌన్ కాలనీ ఒప్పందాల్లో బట్టలు ఇంటి వెనక, మడతపెట్టే స్టాండు మీదే ఆరేయాలని, శని ఆదివారాలు అదీ వద్దని రాసుకున్నారు. తొలి లీజు పత్రాల్లోనే తెల్లజాతి వాళ్లు తప్ప ఇతరులు కాపురం ఉండరాదన్న షరతూ ఉంది. పనివాళ్లకు మాత్రం మినహాయింపు. తాడును దాచిన కలమే మనుషుల్నీ గెంటేసింది. ఆ తర్వాత కరెంటు కంపెనీల ప్రచారం తోడై, ఇంటింటికీ డ్రయ్యర్ వచ్చి, వాకిట్లో ఆరే బట్ట పేదరికానికి గుర్తయింది. కాలనీ సంఘాలు ఇళ్ల ధర పడిపోతుందని తాళ్లు నిషేధించాయి. చమురు కష్టాలు చూశాక 1980లో ఫ్లోరిడా ఈ నిషేధాలు చెల్లవని చట్టం చేసింది. 2008లో కొలరాడో, 2009లో వెర్మాంట్, మెయిన్, 2015లో కాలిఫోర్నియా ఆ దారి పట్టాయి. కెనడాలో ఒంటారియో 2008లోనే నిషేధాలు ఎత్తేసింది. గల్ఫ్‌లో ఇప్పటికీ గాలి ఎదురే. 2021లో దుబాయ్ మున్సిపాలిటీ బాల్కనీల్లో బట్టలు కనబడితే జరిమానా అని హెచ్చరించింది. డల్లాస్ దగ్గర కొడుకు ఇంటికెళ్లి వచ్చిన మన పెద్దవాళ్లు, బయట ఎండ పెటపెటలాడుతున్నా బట్ట మిషన్లోనే ఆరాలట అని వింతగా చెబుతారు.

ఆ వింతకు భూపాలపల్లిలో లెక్క కట్టవచ్చు. చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ కేంద్రం 500, 600 మెగావాట్ల రెండు యూనిట్లతో కలిపి 1100 మెగావాట్లది. బొగ్గు కేంద్రాల్లో ఒక యూనిట్ కరెంటుకు సుమారు 600 నుంచి 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. మామూలు ఎలక్ట్రిక్ డ్రయ్యర్ ఒక మూటకు రెండు మూడు యూనిట్లు, పాతదైతే ఇంకా ఎక్కువే తింటుంది. అంటే ఒక్క దఫా బట్టలకు రెండు కిలోల దాకా బొగ్గు. అక్కడి ఓపెన్‌కాస్టు బొగ్గు గని పక్కనున్న పల్లెల్లో తెల్లచొక్కా తాడు మీద వేసే ముందు గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకోవాలి. బట్టను ఎండలో ఆరేయకపోతే కాలే బొగ్గు, ఎండలో ఆరేస్తే మీద పడే బొగ్గు, రెండూ ఆ నేల కిందివే.

మహబూబాబాద్‌లో ఎండకు పోటీ ఇంకో రకం. మాఘం దాటితే మిరపకాయలు వచ్చేస్తాయి. కళ్లం, డాబా, రోడ్డు పక్క, ఎక్కడ చదును కనబడితే అక్కడ ఎర్రగా పరుచుకుంటాయి. ఆ నెలల్లో బట్టల తాడు ఓ మూలకు జరుగుతుంది, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. ఆకేరు వాగు పొంగిన 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో మాత్రం ముంపుకు గురైన తండాల్లో బతుకు మళ్లీ మొదలు కావాలంటే ముందు ఎండ కావాల్సి వచ్చింది.

సొంత ఇంట్లో కూడా ఈ హక్కు లేని బట్ట ఒకటుంది. నెలసరి గుడ్డను తాడు మీద బాహాటంగా ఆరేయగలిగిన ఆడపిల్లలు ఇప్పటికీ కొద్దిమందే. చీర కింద దాచి, స్నానాల గది మూల, తడి పోకుండానే మడిచి పెడతారు. ఆరోగ్య కార్యకర్తలు చెప్పేది ఒకటే: సబ్బుతో ఉతకండి, ఎండలో ఆరబెట్టండి. చెప్పడం తేలిక. ఎండలో వేయాలంటే చూసే కళ్లు మారాలి. మడిబట్టను ఎవరూ తాకకుండా ఎత్తైన దండెం మీద కర్రతో ఆరేసిన ఇళ్లే ఈ గుడ్డను చీకట్లోకి తోశాయి. ఏ కాలనీ నియమావళి కన్నా ఈ నిషేధం పాతది, కఠినమైనది. దీన్ని ఎత్తేయడానికి చట్టం అక్కర్లేదు, ఇంట్లో పెద్దావిడ ఒక్క మాటంటే చాలు.

రజకుల సంగతికి వస్తే, 2021 ఏప్రిల్ నుంచి తెలంగాణలో లాండ్రీలకూ దోభీఘాట్లకూ నెలకు 250 యూనిట్ల దాకా కరెంటు ఉచితం చేశారు. మంచి పని. ఇస్త్రీ పెట్టెకూ మిషన్‌కూ అది అక్కరకొస్తుంది. ఉతికినవి ఆరాలంటే మళ్లీ జాగానే కావాలి. చెరువు గట్టు రోడ్డవుతోంది, శిఖం భూమి ప్లాట్లవుతోంది, రేవు దగ్గర మెరక మీద ఎవరిదో కంచె లేస్తోంది. దోభీఘాట్ కట్టిన చోట కూడా తొట్లకూ షెడ్డుకూ కొలతలు ఉంటాయి, తాళ్లు కట్టే మైదానానికి తరచూ ఉండవు. రాష్ట్ర భూ రికార్డుల చట్టం భూభారతి కింద ఊళ్ల భూముల రికార్డులు మళ్లీ సరిచూస్తున్న సమయమిది. రేవుబండతో పాటు గుంజలు పాతే మెరకను కూడా కొలిచి రాయించుకోవాలి. ముప్ఫై ఏళ్ల వాడుకను కళ్లారా చూసిన ముసలివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఇంకా ఉన్నారు. తహసీల్దారు దగ్గర ముందుగా నమోదు కావాల్సింది వాళ్ల వాంగ్మూలాలు.