మేడ మీది మనిషి

తండ్రీ కొడుకులు గాడిదను తోలుకుని సంతకు పోయిన కథ మనలో తెలియనివారుండరు. తండ్రి ఎక్కితే ఒకరు తిట్టారు, కొడుకు ఎక్కితే మరొకరు తిట్టారు, చివరకు గాడిదనే మోసుకుపోయారు. అందరినీ మెప్పించడం ఎవరి తరమూ కాదన్నది నీతి. ఈ కథనే భూపేన్ ఖాఖర్ 1981లో ‘యూ కాంట్ ప్లీజ్ ఆల్’ అనే పెద్ద తైలవర్ణ చిత్రంగా వేశారు. అవతల గాడిద కథ నడుస్తూంటుంది. ఇవతల మేడ మీద ఒక మనిషి, ఒంటిమీద నూలుపోగు లేకుండా, మనవైపు వీపు పెట్టి నిలబడి చూస్తూంటాడు.

చాలా ఏళ్ల కిందట నేను ఖాఖర్ గురించి ఒక వ్యాసం రాశాను. 1972 నాటి ‘జనతా వాచ్ రిపేరింగ్’ వంటి దుకాణాల బొమ్మలను వివరంగా పరిచయం చేశాను. మేడ మీది మనిషి దగ్గరకు వచ్చేసరికి మాత్రం కలం జంకింది. ‘వ్యక్తి స్వేచ్ఛ’ అని ఒక్క మాట రాసి దాటిపోయాను. అది అబద్ధం కాదు గాని సగం నిజం. మిగతా సగం ఇప్పుడు రాస్తున్నాను.

ఖాఖర్ 1934లో బొంబాయిలో ఒక గుజరాతీ కుటుంబంలో పుట్టారు. చార్టర్డ్ అకౌంటెంటుగా స్థిరపడవలసిన మనిషి, మిత్రుడు గులామ్ మహమ్మద్ షేక్ ప్రోత్సాహంతో 1962లో బరోడా చేరారు. అక్కడ చదివింది కళావిమర్శ. చిత్రలేఖనం సొంతంగా సాధించుకున్నదే. ఏళ్ల తరబడి ఒకపూట లెక్కలు చూస్తూ, మరోపూట బొమ్మలు వేసేవారు. ఇరుగుపొరుగు దర్జీలు, గుమాస్తాలు ఆయన బొమ్మల్లోకి వచ్చారు. తాను మగవారిని ప్రేమిస్తానన్న సంగతి మాత్రం రాలేదు. 1979లో ఇంగ్లండు వెళ్లినప్పుడు అటువంటివారు అక్కడ దాపరికం లేకుండా బతకడం చూశారు. తల్లి గతించాకే ఆ మాట బొమ్మల్లో బాహాటంగా చెప్పగలిగారు.

1982 నాటి ‘టూ మెన్ ఇన్ బెనారస్’లో ఇద్దరు మగవాళ్లు నగ్నంగా కౌగిలించుకుని ఉంటారు. ఒకరిది నెరిసిన తల. పక్కనే గుళ్లు, సాధువులు, భక్తులు చిన్నచిన్నగా కనిపిస్తారు. ఆ ప్రేమను ఆయన చీకటిగదిలో పెట్టలేదు, నలుగురూ తిరిగే కాశీలో పెట్టారు. 1987 నాటి ‘యయాతి’లో మనకు తెలిసిన భారతకథకే కొత్త అర్థం వచ్చింది. ముసలివాడి మీదకు రెక్కలున్న పడుచువాడు వాలుతాడు. తండ్రికి యౌవనం ధారపోసిన పూరుని త్యాగం ఇక్కడ అనురాగమైంది. ఖాఖర్ మనుషులు అందగాళ్లు కారు. పొట్టలు పెరిగి, జుట్టు నెరిసి, మన బంధువుల్లాగే ఉంటారు. వారిని చూసి మనం తడబడేది అందుకే.

1984లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. 1860 నాటి శిక్షాస్మృతి 377వ సెక్షను ఆయన ప్రేమను నేరమంటూనే ఉంది. 2003లో ఆయన కన్నుమూశారు. పెద్దవయసువారు ఇష్టపూర్వకంగా కలిస్తే నేరం కాదని సుప్రీంకోర్టు తుదిగా చెప్పింది 2018 సెప్టెంబరు 6న.

ఈ విషయానికి మన పత్రికల్లో అలవాటైన మాట ‘స్వలింగ సంపర్కం’. కోర్టు కాగితాల్లో అది చెల్లుతుంది. కాశీలోని ఆ కౌగిలికి చాలదు. అందులో స్నేహం ఉంది, భయం ఉంది, ముసలితనానికి ఒక తోడు ఉంది. ఖాఖర్ కథలూ నాటకాలూ తన గుజరాతీలోనే రాసుకున్నారు. పొరుగు భాషల నడుమ తెలుగును కాపాడుకుంటున్న మన ఇళ్లలోనూ, ఈ మాట అమ్మతో చెప్పుకోలేక ఇంగ్లీషులో స్నేహితులకు చెప్పుకునే పిల్లలు ఉంటారు. వారికోసమైనా నేను ఆనాడు దాటేసిన వాక్యాన్ని తెలుగులో పూర్తిచేయాలి: మేడ మీది ఆ మనిషి మగవారిని ప్రేమించినవాడు, ఆ సంగతి దాచుకోవడం మానుకున్నవాడు.